వెనక సీట్లో రాజుగారి సలహాదారు

మొదటి ప్రపంచ యుద్ధం ఎందుకు వచ్చిందో నేను పెనం మీద పెసరట్టు కాలేలోపు చెప్పగలను. రాజమండ్రిలో డిగ్రీ కాలేజీ పిల్లలకు ఏళ్ల తరబడి అదే పాఠం చెప్పాను. ఇక్కడ వర్జీనియాలో, షాంటిలీ చుట్టుపక్కల బడుల్లో, టీచరు సెలవు పెట్టిన రోజున వెళ్లి ఆ క్లాసు చూసుకునే సబ్‌స్టిట్యూట్ టీచర్‌ని. మా అపార్ట్‌మెంట్లలో ఎవరిని కదిపినా క్లౌడ్ అంటారు, డేటా అంటారు. నేను హిస్టరీ అనగానే ఒక్క క్షణం ఆగి "ఓ, నైస్" అంటారు. ఆ నైస్‌లో ఎంత జాలి ఉందో నాకు తెలుసు. తమ పిల్లలకు హిస్టరీ ప్రాజెక్టు ఇచ్చిన రోజున వాళ్లే నాకు ఫోన్ చేస్తారనీ తెలుసు.

అలా వచ్చిన పిల్లే ఈ పిల్ల. మా పై అంతస్తులో ఉండేవాళ్ల ఒక్కగానొక్క కూతురు, అప్పుడు పదో తరగతి. హైస్కూలు పిల్లలు ఒకచోట చేరి, తలా ఒక దేశం తరఫున కూర్చుని, పాతకాలపు చిక్కులను మళ్లీ మొదటినుంచి విప్పడానికి ప్రయత్నించే పోటీ ఒకటుంది ఇక్కడ. ఆ ఏడు వీళ్లకిచ్చిన చిక్కు మొదటి ప్రపంచ యుద్ధానికి ముందరి సంవత్సరాలు. పిల్లకు వచ్చిన వేషం ఇంగ్లండ్ రాజుగారి ఆంతరంగిక సలహాదారు.

"ఆంటీ, ఈయన కింగ్ కాదు, మినిస్టర్ కాదు. మరి ఏం చేసేవాడు?" అని అడిగింది, మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని.

నాకు ప్రాణం లేచొచ్చింది. అసలు ఆ కాలమంతటిలో నాకు ఇష్టమైన మనిషి ఆయనే. మంత్రి పదవి ఇస్తామంటే వద్దన్నవాడు. రాజు చెవిలో మాట వేయగలవాడు, మంత్రులు భోజనానికి పిలవక తప్పనివాడు. అప్పట్లో ఇంగ్లండ్ సైన్యం పెద్దలూ ఫ్రాన్స్ సైన్యం పెద్దలూ లోపాయికారీగా మాట్లాడుకునేవారు, యుద్ధమంటూ వస్తే ఎవరు ఎక్కడ నిలబడాలని. ఆ సంగతి మంత్రుల్లో చాలామందికే తెలియదు. మాట ఇచ్చారా అంటే ఇవ్వలేదు. ఇవ్వలేదా అంటే, ఇచ్చారనుకోవడానికి అవతలివాళ్లకు కావలసినంత ఉంది. అలాంటి రోజుల్లో ఇటు మాట అటు, అటు మాట ఇటు నొప్పించకుండా చేరవేయడమే ఈయన విద్య. ఇదంతా నేను చేతులు తిప్పుతూ చెబుతుంటే పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని విని, "ఇది నాకు ఈజీ ఆంటీ" అంది.

ఈజీ అట! నాకు కొంచెం ఒళ్లు మండింది. సరే చూద్దాం పట్టు అని శనివారం పొద్దున్న రిహార్సల్ పెట్టాను. మా వంటిల్లు లండన్. హాల్లో సోఫా పారిస్. నేను రాజుని. ఫ్రాన్స్ మంత్రి వేషం మా ఆయనకు ఇచ్చాను. ఆయన క్రికెట్ చూస్తూ ఫ్రాన్స్‌ని పాలించడానికి ఒప్పుకున్నారు. పిల్ల రెండు రాజధానుల మధ్య తిరగాలి.

నేను పెనం మీద పిండి పోస్తూ రాజులా గొంతు పెంచి, "వాళ్లతో చెప్పు. యుద్ధమొస్తే మేం రాం. మా ఓడలు మాకున్నాయి, వాళ్ల గొడవ వాళ్లది" అన్నాను. పిల్ల తలూపి హాల్లోకి వెళ్లింది. కాసేపటికి తిరిగొచ్చి, "వాళ్లకి మీమీద చాలా నమ్మకం" అంది. నాకు ముచ్చటేసింది. మళ్లీ పంపాను. మళ్లీ వచ్చింది. ప్రతిసారీ ఫ్రాన్స్ ఎంతో మర్యాదగా ఉంది. పెసరట్లు అయిపోయాయి కాబట్టి, "యుద్ధం వచ్చేసింది!" అని ప్రకటించి ప్లేట్లు తీసుకుని హాల్లోకి వచ్చాను.

"మరి మీ సైన్యం ఏది?" అన్నారు మా ఆయన టీవీ వంక నుంచి తల తిప్పకుండానే.

"ఏ సైన్యం? రామని మొదట్లోనే చెప్పి పంపాను కదా."

"రామనా! బయలుదేరడానికి బట్టలు సర్దుకుంటున్నారని కదా నాకు చెప్పింది! అదీ నేను, మీరు రాకపోతే జర్మనీతో కలిసిపోతాం అని బెదిరించాక."

"నన్ను బెదిరించారా? మీకు మామీద చాలా నమ్మకం అని చెప్పిందే!"

ఇద్దరం పిల్ల వంక చూశాం. పిల్ల అల్లం చట్నీ వేసుకుంటోంది. మా ఆయన పడీపడీ నవ్వారు. నేనైతే మెచ్చుకోకుండా ఉండలేకపోయాను. ఎంతమందికి ఈ పాఠం చెప్పాను, ఒక్కరికీ ఇంత సులువుగా పట్టుబడలేదు.

"అమ్మ దొంగా! ఎక్కడ నేర్చుకున్నావే ఇదంతా?"

"ఇంట్లో" అంది, తింటూనే.

తర్వాత తనే చెప్పింది. "అమ్మ ఏదన్నా డాడీకి చెప్పు అంటుంది కదా, అలాగే చెప్తే డాడీ హర్ట్ అవుతాడు. డాడీ చెప్పింది అలాగే చెప్తే అమ్మ ఏడుస్తుంది. అందుకే కొంచెం వాటర్ కలుపుతాను. లై కాదు ఆంటీ. జస్ట్ వాటర్."

పై అంతస్తులో మొగుడూ పెళ్లాలకు మాటల్లేవని నాకు అప్పటికే తెలుసు. మన ఇళ్లల్లో ఇదేమీ వింత కాదు. "మీ నాన్నకి చెప్పు, అన్నం వడ్డించానని" అంటుంది తల్లి, ఆ నాన్న ఎదురుగా కూర్చుని ఉండగానే. "చేతులు కడుక్కుని వస్తున్నానని చెప్పు" అంటాడాయన. మధ్యలో పిల్లలు రెండు వైపులా తలలు తిప్పుతుంటారు. ఒకటి రెండు పూటలు సాగాక పులుసులో ఉప్పు ఎక్కువైందనో, తాళాలు కనబడటం లేదనో ఏదో వంకన మాటలు కలిసిపోతాయి. వీళ్లింట్లో క్రిస్మస్ సెలవుల్లో మొదలైంది, చలికాలం పోతున్నా కలవలేదు. ఆయన ఇంట్లో చెప్పకుండా, దేశానికి ఆ చివరన ఉన్న శాంటా క్లారాలో ఏదో కంపెనీకి ఇంటర్వ్యూ ఇచ్చాడు. ఆ కబురు ఆవిడకు ఎవరిదో పుట్టినరోజు పార్టీలో, కేకు ముక్క చేతిలో ఉండగా, ఇంకొకావిడ ద్వారా తెలిసింది. ఆ అవమానం ఆవిడ మింగలేకపోయింది.

ఆ వారమే ఆవిడ నాకు మన సరుకుల షాపులో కనిపించింది. బెండకాయల చివర్లు విరిచి చూస్తూ, మొహం వెలిగిపోతూ చెప్పింది.

"అక్కా, ఆయన మెత్తబడ్డారు. వెళ్లే ఆలోచన మానుకున్నట్టే. పాప చెప్పింది. ఎన్నేళ్లకో వర్క్ పర్మిట్ వచ్చి, ప్రీస్కూల్లో ఉద్యోగం దొరికిందా, పిల్లలు నన్ను వదలరు, నేను వాళ్లని వదల్లేను. మళ్లీ అక్కడికెళ్లి ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోమంటే నా వల్ల కాదు. చచ్చినా రానని పాపతో చెప్పించాను. మీరు కూడా ఓ మాట అనండి ఆయనతో. మీరంటే ఆయనకి గౌరవం."

పిల్ల తండ్రి రెండు రోజుల తర్వాత పార్కింగ్ లాట్‌లో కారు అద్దం మీది మంచు గీకుతూ కనిపించాడు. ఆయనదీ వెలిగే మొహమే.

"అక్కా, మా ఆమె ఒప్పుకున్నట్టే. ఆలోచిస్తున్నదట, బిడ్డ చెప్పింది. ఇగ నాక్కూడ ధైర్యమొచ్చి ఆ ఆఫర్‌కి ఎస్ చెప్పేసిన. ఇక్కడ ప్రాజెక్ట్ క్లోజ్ అయితున్నది. సమ్మర్ దాక గూడ నడిచేటట్టు లేదు."

"ప్రాజెక్టు పోతున్న సంగతి ఆవిడకు తెలుసా?"

"బిడ్డతోని చెప్పించిన కదా, ఎప్పుడో."

నేను మెట్లెక్కకుండా అక్కడే నిలబడిపోయాను. ఆవిడ మాటల్లో ప్రాజెక్టు ఊసే లేదు. సాయంత్రం పిల్ల పుస్తకాలు పట్టుకుని రాగానే అడిగాను, ప్రాజెక్టు గురించి డాడీ చెప్పమన్నది అమ్మకు ఏమని చెప్పావని.

పిల్ల తల దించుకుంది. "డాడీకి ఆఫీస్‌లో కొంచెం టెన్షన్‌గా ఉంది అని చెప్పాను."

ఈ దేశంలో మనవాళ్ల బతుకు ఎలా ముడిపడి ఉంటుందో తెలిసినవాళ్లకు నేను వివరించక్కర్లేదు. ఆయన ఉద్యోగం పోతే, గడువులోగా ఇంకోటి దొరక్కపోతే, వీసా పోతుంది. ఆవిడ వర్క్ పర్మిట్ ఆయన వీసాకి వేలాడుతోంది. అంటే ఏ ఉద్యోగం వదలనని ఆవిడ పంతం పట్టిందో ఆ ఉద్యోగం, ఈయన శాంటా క్లారా వెళ్లకపోతే, ఎలాగూ ఉండదు. ఆ ముక్క ఆవిడకు తెలియదు. ఆవిడ రానని తెగేసి చెప్పిందని ఆయనకు తెలియదు. ఇద్దరూ గెలిచామనుకుని సంతోషంగా ఉన్నారు. ఆయన రేపో మాపో టికెట్లు కొంటాడు. ఆవిడ వచ్చే ఏడాదికి కూడా ఉంటానని ప్రీస్కూల్లో మాట ఇచ్చేస్తుంది. రెండూ ఒకే రోజున బయటపడితే ఆ ఇల్లు రెండు ముక్కలవుతుంది. ఇదంతా ఆ ఇంట్లో తెలిసిన మనిషి ఒక్కర్తే, దానికి పదిహేనేళ్లు.

"నాకు భయం వేసింది ఆంటీ" అంది. "అమ్మ రాను అంది అని చెప్తే డాడీ ఒక్కడే వెళ్లిపోతాడు. అందుకే ఆలోచిస్తోంది అన్నాను. ఇప్పుడు ఎలా ఆపాలో తెలీదు."

పైకి వెళ్లి ఇద్దర్నీ కూర్చోబెట్టి పావుగంటలో తేల్చేయాలని నాకు ఎంత అనిపించిందో చెప్పలేను. నాకా సత్తా ఉంది కూడా. కానీ ఆవిడ నన్నూ ఓ మాట అనమంది, ఆయన కూడా రేపు అనమంటాడు. నేను వెళితే పిల్ల కూర్చున్న కుర్చీలో నేను కూర్చున్నట్టే. మళ్లీ వాళ్లిద్దరూ ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడరు, నాతో మాట్లాడతారు. ఆ మాటే పిల్లతో అన్నాను.

అది "లాస్ట్‌లో ఏమైంది?" అని అడిగింది. సలహాదారు గురించి.

దాచకుండా చెప్పాను. ఈయన వల్లే యుద్ధం వచ్చిందని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ ఆ ఎండాకాలం జర్మనీ సైన్యం కదిలే వేళకు ఫ్రాన్స్ వాళ్లు ఇంగ్లండ్‌ని నిలదీసి అడిగారు, వస్తారా, రారా అని. వెంటనే జవాబు రాలేదు. వస్తారని ఫ్రాన్స్ ఏళ్లుగా నమ్ముకుని ఉంది. రారులే అని జర్మనీలో చాలామంది అనుకున్నారు. రావాలా వద్దా అని ఇంగ్లండ్ మంత్రులు అప్పుడు కూర్చుని కొట్టుకున్నారు. అందరికీ నచ్చేలా చెబుతూ వచ్చిన మాటకు సరిగ్గా అవసరమైన రోజున అర్థం లేకుండా పోయింది.

"నేనే చెప్తాను. కాంపిటీషన్ అయ్యాక. మీరు చెప్పొద్దు, ప్లీజ్" అంది పిల్ల. సరేనన్నాను. నాకు నోరు మూసుకుని ఉండటం ఎంత కష్టమో మా ఆయన్ని అడగండి.

పోటీ రోజున వాళ్ల కారు మెకానిక్ దగ్గరుంది. మా వ్యాన్ తీశాను. ముందు ఆయన వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు. తర్వాత ఆవిడ పట్టుచీరలో మెట్లు దిగి వచ్చి, ఆయన్ని చూసి ఠక్కున ఆగిపోయింది. బెల్టు పెట్టుకుంటున్న ఆయన చెయ్యీ ఆగింది. నాకు అర్థమైపోయింది. డాడీ రావట్లేదని అమ్మకీ, అమ్మ రావట్లేదని డాడీకీ చెప్పింది పిల్ల. వెనక తలుపు తీస్తూ నా చెవిలో, "అదే లాస్ట్ ఒకటి ఆంటీ, ప్రామిస్" అంది.

పోటీ గురించి ఎంత చెప్పినా తక్కువే. నల్ల కోటు వేసుకుని, జుట్టు గట్టిగా దువ్వి ముడి వేసుకుని, మా పిల్ల ఆ హాల్లో ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు నడుస్తుంటే నాకు ఛాతీ ఉప్పొంగింది. ఎవరితో మాట్లాడినా వాళ్లు నవ్వుతూ తలూపుతున్నారు. మధ్యాహ్నానికి బహుమతి దానిదేనని నేను తేల్చేశాను. అప్పుడు ఫ్రాన్స్ తరఫున కూర్చున్న పిల్లవాడు లేచి, అందరి ముందూ ఇంగ్లీషులో సూటిగా అడిగాడు. మీ రాజు సైన్యం వస్తుందా, రాదా, ఒక్క ముక్కలో చెప్పమన్నాడు.

పిల్ల నిలబడింది. కాగితాల వంక చూడలేదు. నాకు తెలియదు అంది. రాదంటే మీరు బాధపడతారని వస్తుందన్నట్టు చెప్పాను, మీరు అడుగుతున్నారంటే మా రాజుకు కోపం వస్తుందని మీరు అడగనేలేదన్నట్టు చెప్పాను, కాబట్టి మీ ఇద్దరికీ ఒకళ్ల గురించి ఒకళ్లకు ఏమీ తెలియదు, దయచేసి మీరిద్దరే మాట్లాడుకోండి, అంది. అని కూర్చుంది. హాలంతా గుసగుసలు. వేషం వదిలేసి మాట్లాడిందని న్యాయనిర్ణేత ఏదో రాసుకున్నాడు. బహుమతి మరొకళ్లకు పోయింది. చప్పట్లు మాత్రం నేను కొట్టాను, పక్కవాళ్లు తిరిగి చూసేలా.

తిరుగు దారిలో ఆయన ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "అంత మంచిగ చేస్తుంటివి, మధ్యల ఏమైంది బిడ్డా?" అన్నాడు. పిల్ల కిటికీ వైపు తిరిగింది. కాస్త దూరం పోయాక ఆవిడ అంది, "మీ డాడీకి చెప్పు, దారిలో షాపు దగ్గర ఆగాలి, ఇంట్లో పాలు లేవు."

బండి నడుపుతున్నది నేను. ఆపవలసింది నేను. అయినా ఆ మాట కూతురి మీదుగా ఆయనకు చేరి, ఆయన దగ్గర్నుంచి నాకు రావాలి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"చెప్పను" అంది పిల్ల.

"ఏంటే?"

"చెప్పను. నేను క్విట్." ముందు సీటు పట్టుకుని ముందుకు వంగింది. "అమ్మా, డాడీ ప్రాజెక్ట్ క్లోజ్ అవుతోంది. నీకు చెప్పమన్నాడు, నేను చెప్పలేదు. టెన్షన్ అన్నాను. డాడీ, అమ్మ ఆలోచిస్తాను అనలేదు. రాను అంది. ఆలోచిస్తాను అన్నది నేను కలిపాను. సారీ. ఇంక నాకు రాదు. మీరే చెప్పుకోండి."

నేను రోడ్డు వంకే చూశాను. అంత సేపు నోరు మెదపకుండా ఉన్నది నా జీవితంలో అదొక్కసారే.

"ప్రాజెక్టు పోతోందా?" అంది ఆవిడ. పిల్లను అడగలేదు. ఆయన తల వెనక భాగాన్ని చూస్తూ అడిగింది.

ఆయన బెల్టు లాక్కుంటూ పూర్తిగా వెనక్కి తిరిగాడు. "అవును."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"జనవరి నుంచి."

"ఇంత విషయం పిల్లతో చెప్పి పంపుతారా? నేను చచ్చానా? పక్క గదిలోనే ఉన్నాను కదా!"

"నువ్వు నా మొఖం చూస్తలేవు కదా! ఎట్ల చెప్పాలె? నీ జాబ్ గూడ పోతదని నా నోటితోని ఎట్ల చెప్పాలె నీకు?"

మా ఇంటికి తిరగవలసిన మలుపు వచ్చింది. నేను తిరగలేదు.

"ఆంటీ, మన టర్న్—" అంది పిల్ల.

"తెలుసులే" అన్నాను.

రూట్ ఫిఫ్టీ హైవే మీద అలా పోనిచ్చాను. వాళ్లు పోట్లాడుకున్నారు. ఇంటర్వ్యూ సంగతి, కేకు ముక్క సంగతి, ఎప్పటివో చుట్టాల సంగతులు కూడా లేచొచ్చాయి. ఆవిడ ఏడ్చింది, ఆయన అరిచాడు, మధ్యలో ఆవిడ "అక్కడ నాకు ఎవరిస్తారు ఉద్యోగం?" అంటే ఆయన "దొరికేదాక నీ వెంట నేను తిరుగుత" అన్నాడు. "మీరు తిరిగింది చాల్లెండి" అందావిడ. అంత కమ్మటి పోట్లాట నేను చాలా రోజులుగా వినలేదు. ఒక్క మాటా మధ్యలో ఎక్కడా ఆగి, మెత్తబడి, వేరే ఆకారంలో చేరలేదు. అవతల మళ్లీ వెనక్కి తిప్పుకుని నెమ్మదిగా నడిపాను.

ఆ వేసవిలో ముగ్గురూ శాంటా క్లారా వెళ్లారు. ఆవిడకు అక్కడ పని దొరకడానికి చాలాకాలం పట్టింది. ఆ కాలమంతా ఆయన్ని సాధించి పెట్టింది, నేరుగానే. అది ఆవిడే ఫోన్‌లో చెప్పింది, నవ్వుతూ.

ఆ రోజు షాపు ముందు వ్యాన్ ఆపాను. ఆయన తలుపు తీసి, ఒక కాలు కింద పెట్టి, వెనక్కి తిరిగి అడిగాడు. "పాలు ఏవి? ఎర్ర మూతా, నీలం మూతా?"

అలవాటు కొద్దీ పిల్ల తల అమ్మ వైపు తిరిగింది. చెప్పడానికి నోరు కూడా తెరిచింది.

"ఎర్ర మూత" అంది ఆవిడ, ముక్కు తుడుచుకుంటూ. "మీరు ఎప్పుడూ నీలమే తెస్తారు."

పిల్ల ఒకసారి ఆమెనీ, ఒకసారి ఆయన్నీ చూసింది. నోరు మూసుకుంది. నల్ల కోటు విప్పి దిండులా మడిచి కిటికీకి ఆనించి, దాని మీద తల పెట్టుకుంది. ఆయన పాలు తీసుకుని వచ్చేలోపే నిద్రపోయింది.